మాస్టారి మ్యాప్ మీద మెరూన్ బొట్టు

ముందుగా పాఠక మహాశయులకు సాష్టాంగ క్షమాపణలు. కొల్లేటిలోకి గుర్రపుడెక్క రావడానికి కారణం నేనే. తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద వయ్యారిభామ విత్తనాలు చల్లిందీ నేనే. కాలవ గట్లకి సర్కారు తుమ్మనీ, పంట బోదెలకి తూటికాడనీ, నర్సరీ కుండీల అడుగున ఆఫ్రికా నత్తనీ స్వయంగా మోసుకొచ్చి దింపింది కూడా నేనే. వీటిలో చాలావరకు నేను పుట్టకముందే జరిగిపోయాయని ఎవరైనా అంటే, అది నా ప్రతిభ చూసి ఓర్వలేక అనే మాటగా భావించగలరు. ఈ నేరాలన్నిటికీ ఇక్కడే క్షమాపణ చెప్పేసుకుంటున్నాను. చివర్లో చోటు మిగలకపోవచ్చు.

మా బోటనీ మాస్టారు పోయారు.

ఆ కబురు వచ్చినప్పుడు నేను ఆకివీడు దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద నిలబడి, మా కంపెనీ మేత వేస్తే చేప ఎలా నిగనిగలాడుతుందో ఒక రైతుకి వర్ణిస్తున్నాను. మేత అమ్మడం నా ఉద్యోగం. ఫోను మోగింది. ఏలూరులో మాస్టారి కింది వాటాలో ఉండే ఆవిడ.

"ఏవండీ, మీ మాస్టారు పోయారండి. నిద్రలోనేనండి. పొద్దున్న కాఫీకి పిలిస్తే పలకలేదండి."

నా ముఖం చూసి రైతు అడిగాడు. "ఎవరండీ?"

"మా మాస్టారండి. కలుపు మొక్కల మాస్టారు."

"అయ్యో. మొన్నామధ్య మా గట్టు మీదకొచ్చి, ఈ తుమ్మని మీరేమంటారండీ అని నన్నడిగారు, ఆయనేనా?" అని భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ క్షణంలో నాకు ఏడుపు రావాలి. వచ్చిన మాట ఇది: "ఎవరితో వచ్చారండీ?"

"ఒకమ్మాయి స్కూటర్ మీద తీసుకొచ్చిందండి."

చూశారా. మనిషి పోయిన రోజున కూడా నాకు ముందు కుట్టింది అదే. నాకు చెప్పకుండా నా ఏరియాలోకి వచ్చారు, అదీ ఆ అమ్మాయి స్కూటర్ మీద. దుఃఖం తర్వాత వచ్చింది, బైకు కైకలూరు రోడ్డెక్కాక. కళ్ళజోడు తీసి తుడుచుకుందామని పక్కకి ఆపితే అక్కడ కాలవ నిండా గుర్రపుడెక్క పూసి ఉంది. లేత ఊదారంగు. ఆయన ఉంటే వంగి నమస్కారం పెట్టేవారు.

అవునండి, నిజంగానే పెట్టేవారు. మా మాస్టారికి సృష్టిలో ప్రతిదీ 'గారు'. "గుర్రపుడెక్కగారు భీమడోలు దాటేశారండి." "సర్కారు తుమ్మగారికి ఉప్పునేల అంటే మహా ఇష్టమండి." క్లాసులో మేం నవ్వితే ఆయన నవ్వకుండా అనేవారు: "ఇంటికొచ్చిన వాళ్ళని పేరు పెట్టి గౌరవంగా పిలవాలి. పొమ్మనే ముందైనా సరే, పేరు తెలుసుకోవాలి." ఇన్ని 'గారు'ల మధ్య నేనొక్కణ్ణే 'ఏమయ్యా'. అది చనువని చాలాకాలం మురిసిపోయాను. తర్వాత లెక్క చూసుకుంటే, ఆయన నోట తూటికాడకున్నంత మర్యాద కూడా నాకు లేదని తేలింది.

ఆయన ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం కాలేజీకి ప్యాసింజర్ బండిలో తిరిగేవారు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడూ కుడివైపు కిటికీ. అలాగైతే పట్టాలకి రెండు పక్కలా చూసినట్టవుతుందని లెక్క. ఒడిలో చిన్న పుస్తకం. దెందులూరు దాటాక ఫలానా గట్టున ఫలానావారు కొత్తగా దిగారు, పూళ్ళ దగ్గర నిరుడున్నవారు ఈ ఏడు లేరు, అని రాసుకునేవారు. పక్కన కూర్చున్నవాళ్ళు ఆయన్ని రైల్వే ఇన్‌స్పెక్టరనుకుని టికెట్ చూపించిన సందర్భాలున్నాయి. ఆయన ఆ టికెట్ కూడా శ్రద్ధగా చూసి, థాంక్సండి అని తిరిగిచ్చేవారు.

రిటైరయ్యాక ఆ పుస్తకాలన్నీ ఒక మ్యాప్ అయ్యాయి. మేడ మీద గదిలో గోడంతా అదే. పెద్ద కాగితాలు నాలుగు అతికించి చేత్తో గీసింది. పైన మెట్ట ఊళ్ళ ఎర్రనేలలు, కింద డెల్టా, ఒక మూల కొల్లేరు, వాటి మధ్య నరాల్లాగా కాలవలు, డ్రెయిన్లు. ఎక్కడెక్కడ ఏ పరాయి మొక్క, ఏ పరాయి చేప దిగిందో అక్కడ ఒక చుక్క. ఆ చుక్కలు పిన్నులు కావు, స్కెచ్ పెన్ను గుర్తులూ కావు. ఆడవాళ్ళు నుదుట అంటించుకునే బొట్టు బిళ్ళలు.

మాస్టారి భార్య పోయాక బీరువా సొరుగులో అట్టలకి అట్టలు బొట్టు బిళ్ళలు మిగిలాయట. "పారెయ్యడానికి చేతులు రాలేదయ్యా. గోడకి పెట్టాను," అన్నారు నాతో ఒకసారి. ఆకుపచ్చవి గుర్రపుడెక్కకి. పసుపువి వయ్యారిభామకి. నల్లవి, అక్వేరియం వాళ్ళు కాలవల్లో వదిలేస్తే ముళ్ళ ఒంటితో వలలు చింపే సక్కర్ చేపకి. ఆకుపచ్చ అయిపోయినప్పుడల్లా కొనుక్కురావడం నా డ్యూటీ. ఏలూరు ఫ్యాన్సీ షాపులో అమ్మాయి, "ఎవరికండీ, తెల్లగా ఉంటారా చామనఛాయా?" అని అడిగితే, "పచ్చగా ఉంటుందండి. నీళ్ళలో తేలుతూ ఉంటుంది," అని చెప్పి ఆ షాపుకి మళ్ళీ వెళ్ళలేని పరిస్థితి తెచ్చుకున్నాను.

అన్ని రంగులూ వాడారు గానీ మెరూన్ ముట్టుకోలేదు. అది ఆవిడ రోజూ పెట్టుకున్న రంగు. ఆ అట్ట మీద ఒక్క బిళ్ళ మిగిలింది. "ఇంతవరకు మన వైపు రానివారు ఎవరైనా వస్తే, వారికి ఇది," అని సొరుగులో దాచారు. వచ్చినవారిని మొట్టమొదట చూసిన మనిషి పేరు ఎర్ర సిరాతో రిజిస్టర్లోకి ఎక్కుతుంది. ఆ పేరు నాదేనని నేను ఆ రోజే తీర్మానించుకున్నాను. ఫలానావారు అన్న చోట 'గారు' కూడా రాయాల్సొస్తుంది కదా, అదీ నా ఆశ.

బొట్టు పెట్టడానికి ఆయనకో పద్ధతి ఉంది. చూడాలి, పట్టుకోవాలి, అడగాలి. దూరం నుంచి చూసి వచ్చి చెబితే ఒప్పుకోరు. చేత్తో పట్టుకోవాలి. ఆ తర్వాత అక్కడుండే మనిషినెవరినైనా, దీన్ని మీరేమంటారండీ అని అడగాలి. మూడూ అయితేనే బొట్టు. ఆదివారం నాడు మ్యాప్ మీది కొత్త బొట్లు చూసుకుంటూ రిజిస్టర్లో సిరాతో రాస్తారు. మూడింట్లో ఏదైనా తక్కువైతే మ్యాప్ మీద పెన్సిల్ గుండ్రం, అంతే. అనుమానం అని అర్థం. ఫోటో తెస్తే చూసి, "బావుందయ్యా. ఇందులో చేప ఉంది గానీ ఊరు లేదు," అనేవారు.

వాటి మీద ఆయనకి కోపం లేదు. "వాటి తప్పేముంది? ఎవరో తెచ్చి వదిలేస్తే బతికాయి. మనం ఎవరు ఎక్కడ ఎప్పుడు దిగారో రాసుకోవాలి. రాయకపోతే రేపు పుట్టేవాళ్ళు ఇవన్నీ మొదట్నించీ ఇక్కడివే అనుకుంటారు. మనవైన వాటిని వెతుక్కోవడం కూడా మర్చిపోతారు." ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ బండి దానంతటదే నెమ్మదిస్తుంది. కాలవ పక్కన పోతూ పేర్లు చదువుకోవడం ఆయన నాకు అంటించిన జబ్బు. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా.

ఇక గ్రేస్ సంగతి.

గ్రేస్‌ది మండవల్లి. కైకలూరులో చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని. ఏదో చెరువు నీళ్ళలో తెలీని నాచు కనబడిందని సీసాలో పట్టుకుని మాస్టారింటికి వచ్చింది. నేను అప్పటికి నాలుగేళ్ళ సీనియర్ని. మాస్టారు ఆ సీసాని వెలుతురుకి పెట్టి చూసి, "కూర్చోండి గ్రేస్ గారూ," అన్నారు. మొదటి పరిచయంలోనే. కాఫీ నాకు మామూలుగా స్టీలు గ్లాసులో, ఆవిడకి బంగారు అంచున్న పింగాణీ కప్పులో. ఆ కప్పు ఆ ఇంట్లో ఉందని నాకు నాలుగేళ్ళలో తెలీదు.

అది మొదలు. ఆఫ్రికా నత్త తాడేపల్లిగూడెం నర్సరీల దగ్గర దిగిందని నేను చెబితే పెన్సిల్ గుండ్రం. గ్రేస్ ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళి, నత్తని పట్టుకుని, మొక్కలకి నీళ్ళు పోసే ఆవిడ దాన్ని ఏమంటుందో కూడా అడిగొస్తే బొట్టు. ఉక్రోషంతో నేను, "నేను చెప్పిందే కదండీ మాస్టారూ," అన్నాను.

"నువ్వు చెప్పిందేనయ్యా," అన్నారు. "గ్రేస్ గారు చూస్తారు. నువ్వు చూపిస్తావు."

ఆ మాటకి గ్రేస్ నవ్వలేదు. నవ్వి ఉంటే క్షమించేవాణ్ణి. మెట్లు దిగుతూ మాత్రం, "ఏవండీ మేతగారూ, ఈసారి మనం కలిసి వెళ్దామండి," అంది. జాలి. అంతకంటే నత్తని జేబులో వేసినా బాగుండేది.

ఆ తర్వాత వచ్చింది తాబేలు. మండవల్లి డ్రెయిన్లో వల తీస్తుంటే ఒకటి పడింది. చెవుల దగ్గర ఎర్ర చార. మన తాబేళ్ళకి అది ఉండదు. గాజు తొట్టెల్లో పెంచుకోవడానికి పిల్లగా ఉన్నప్పుడు కొని, పెరిగాక ఎవరో వదిలేసిన పరాయి జాతి. గ్రేస్ ఫోను చేసింది, మాస్టారు వెళ్ళారు, ఇద్దరూ చూశారు, పట్టుకున్నారు. వలవాళ్ళని అడిగితే, "బొట్టెట్టుకున్న తాబేలండి," అన్నారట. మాస్టారు తిరిగొచ్చి, సొరుగు తీసి, ఆ ఆఖరి మెరూన్ బిళ్ళ మండవల్లి దగ్గర అంటించారు.

మర్నాడు శనివారం. నేను వెళ్ళేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూశావా, ఆవిడ బొట్టు ఎవరికి దక్కిందో," అన్నారు. తాబేలు గురించి అన్నారో, గ్రేస్ గురించి అన్నారో, నేను అడగలేదు. ఎందుకంటే నా కడుపులో వేరే మంట ఉంది. ఆ తాబేలుని రెండు వారాల ముందే నేను చూశాను. అదే డ్రెయిన్ గట్టున, మిరపకాయ బజ్జీలు తింటూ. ఒక థర్మోకోల్ ముక్క మీదెక్కి ఎండ కాగుతోంది. చెవి దగ్గర ఎర్రగా ఉండటం కూడా చూశాను. 'తాబేలేగా' అనుకుని ఇంకో బజ్జీ తీసుకున్నాను. మొట్టమొదట చూసింది నేను. పట్టుకోలేదు, అడగలేదు. అయితే మాత్రం, నా బజ్జీల సాక్షిగా అది నా తాబేలు.

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు రిజిస్టర్ తెరిచి, ఎర్ర సిరా పెన్ను మూత తీసి, మ్యాప్ వైపు తిరిగారు. మండవల్లి దగ్గర మెరూన్ బొట్టు లేదు.

"ఏమయ్యా, ఇక్కడే కదూ పెట్టాను?"

సొరుగు తీసి అట్ట చూశారు. ఖాళీ. మళ్ళీ మ్యాప్ చూశారు. "పెట్టినట్టు నాకు గుర్తుందే. నీకూ చూపించాను కదూ?"

"చూపిస్తానన్నారండి," అన్నాను. "చూపించినట్టు లేదండి."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. వాళ్ళ అన్నగారు చివరి రోజుల్లో సొంత ఇంటి తలుపు గుర్తుపట్టలేకపోయారని నాకు ఆయనే ఒకప్పుడు చెప్పారు. ఆ భయం ముఖంలోకి ఎలా వస్తుందో ఆ రోజు చూశాను. అంటించబోతూ చెయ్యి జారి పడిపోయిందేమో అన్నారు. పడే ఉంటుందండి, వెతుకుదాం అన్నాను. గది మూలమూలలా వెతికాం. కుర్చీలు జరిపాం, చాప దులిపాం. మంచం కింద చీకటిగా ఉంటే నా ఫోను టార్చి వేశాను. దొరకలేదు.

"గ్రేస్ గారికి చెప్పకయ్యా," అన్నారు చివరికి, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "మతి తప్పిన ముసలాడి దగ్గర పని నేర్చుకుంటున్నానని ఆవిడకి దిగులు పట్టుకుంటుంది." తర్వాత మండవల్లి దగ్గర పెన్సిల్‌తో ఒక గుండ్రం గీశారు. రిజిస్టర్లో కూడా పెన్సిల్‌తోనే రాశారు. బొట్టు దొరికాక సిరా.

ఆ మరుసటి ఆదివారం నన్ను పిలిచి, ఆకుపచ్చ అట్ట నా చేతిలో పెట్టారు. "ఇకమీదట బొట్లు మీరు పెట్టండి బాబుగారూ. నా చేతి మీద నాకు నమ్మకం చాలట్లేదు."

మీరు. బాబుగారూ. అయిదేళ్ళు ఎదురుచూసిన పిలుపు. పింగాణీ కప్పులో కాఫీ కూడా ఇచ్చారు. తాగాను. స్టీలు గ్లాసులోదే వేడిగా ఉండేది.

అప్పట్నించి ఆయన కాలవ గట్లకి వెళ్తూనే ఉన్నారు. గ్రేస్ స్కూటర్ మీద ఆకివీడు దాకా కూడా వెళ్ళారని మొన్న రైతు చెప్పేదాకా నాకు తెలీదు. మ్యాప్‌ని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. నన్నడిగేవారు: "సరిగ్గా పెట్టారా? చూశారా? మీరు చూశానంటే చాలండి."

పదకొండో రోజు భోజనాలయ్యాక మాస్టారి అమ్మాయి మా ఇద్దర్నీ మేడ మీదకి పిలిచింది. "నాన్నగారు మ్యాప్ గురించి ఏమీ చెప్పలేదండి. మీ ఇద్దరిలో ఎవరు తీసుకెళ్తారో చెప్పండి."

గ్రేస్ వెంటనే, "ఆయన తీసుకుంటారండి. ఆయనే ముందు నుంచీ ఉన్నారు," అంది. నేను సమయానికి తగిన గంభీర ముఖం పెట్టాను. ఆవిడ మ్యాప్ దగ్గరకెళ్ళి, మండవల్లి వెతుక్కుంది.

"ఇదేంటండీ, పెన్సిల్ గుండ్రం? మాస్టారు మెరూన్ పెట్టానని నాకు ఫోన్లో చెప్పారే."

"పెట్టలేదేమోనండి. ఆయనకి ఈమధ్య కొంచెం..."

గ్రేస్ అప్పటికే ఆ గుండ్రంలోకి వంగి చూస్తోంది. చూడటం ఆవిడ పని. చూసి, చూపుడు వేలితో తాకింది. "ఇక్కడ జిగురుందండి," అంది.

నేనూ వంగాను. బొట్టు ఊడినచోట జిగురు మిగిలి, దానికి ఇన్నాళ్ళ దుమ్ము అంటుకుని, సరిగ్గా బొట్టంత గుండ్రంగా, నల్లగా ఉంది. ఎవరూ పెట్టకుండానే మ్యాప్ తనకి తానే ఆ బొట్టు పెట్టుకుంది. మాస్టారు ఆ రోజు ఒక్కసారి వేలితో తడిమి ఉంటే తెలిసిపోయేది. చూడు, పట్టుకో, అడుగు అని జీవితమంతా చెప్పిన మనిషి తన మ్యాప్‌ని తను పట్టుకు చూడలేదు. నన్ను అడిగారు. అడిగి, ఊరుకున్నారు.

"అయితే పెట్టే ఉంటారండి," అంది గ్రేస్. "ఆయన మర్చిపోలేదు." ఆ తర్వాత నా వైపు చూసింది, నీళ్ళ బొట్టుని మైక్రోస్కోపు కింద పెట్టి చూసినంత సేపు. ఏమీ అడగలేదు.

మ్యాప్ మీరే తీసుకెళ్ళండి అన్నాను. పెద్ద మనసనుకునేరు. ఆ దుమ్ము బొట్టు మా ఇంటి గోడ మీంచి నన్ను చూస్తుంటే నేను అన్నం తినలేను, అదీ సంగతి. గ్రేస్ దాన్ని చుట్టి, రిజిస్టర్‌తో సహా చున్నీతో కట్టి, స్కూటర్ ముందు నిలువుగా పెట్టుకుని వెళ్ళింది. నేను అసూయపడటానికి ఆ రోజు మొదటిసారి ఓపిక లేకపోయింది.

ఇది అచ్చయ్యే మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంచికని ఆవిడకి కూడా పోస్టులో వేయిస్తున్నాను. ఆవిడ కాపీలో ఒక చిన్న అట్టముక్క పెట్టి పంపుతున్నాను. రిజిస్టర్లో పెన్సిల్ మీద సిరా దిద్దుకోవచ్చు. మొట్టమొదట చూసినవారు: గ్రేస్ గారు. బజ్జీల సాక్ష్యం నేను ఉపసంహరించుకుంటున్నాను.

మొదట్లో ఒప్పుకున్న నేరాలు కూడా వెనక్కి తీసుకుంటున్నాను. గుర్రపుడెక్కని నేను తేలేదు, వయ్యారిభామని నేను చల్లలేదు. నేను చేసింది ఒక్కటే. ఆ శనివారం మాస్టారు నాకు కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు, గోరుతో ఆ మెరూన్ బొట్టు అంచు లేపాను. సులువుగా వచ్చేసింది. "పంచదార ఎంతయ్యా?" అని లోపల్నించి అడిగారు. "రెండు చెంచాలండి," అంటూ ఫోను వెనక కవరు ఊడదీసి, లోపల అంటించి, మళ్ళీ మూసేశాను. మర్నాడు మంచం కింద ఆయన మోకాళ్ళ మీద వంగి, అరచేత్తో నేల తడుముతూ, "కాస్త ఇటు పెట్టయ్యా వెలుతురు," అన్నారు. పెట్టాను. టార్చి ఎటు తిప్పితే ఆయన చెయ్యి అటు వెళ్ళింది, గచ్చు మీద మెల్లగా, ఒక్కో అంగుళం. ఆయన వెతుకుతున్నది ఆ వెలుతురు వెనక, నా గుప్పిట్లో ఉంది.